కాలువ మీద ప్రహరీ

ఆదివారం, రాత్రి.

కొల్లేటి గట్టున కట్టే హోటల్ ప్లాను చూపించి, అభ్యంతరాలు చెప్పమని ఇవాళ పంచాయతీలో మీటింగు పెట్టారు. ప్లానులో మా వీధి మురుగు కాలువ మీదే ప్రహరీ గీశారు. వానాకాలం ఆ నీళ్లు ఎటు పోతాయని అడుగుదామనే వెళ్లాను.

మొదలెట్టకముందే హోటలాయన, "ఊరికి పెద్దవారండీ" అంటూ నాకు శాలువా కప్పి, కాళ్లకు దణ్ణం పెట్టాడు.

"చెప్పండి మామ్మగారూ, ప్లాను ఎలా ఉంది?"

శాలువా సర్దుకుని, "బాగుందండీ" అన్నాను. నా తర్వాత ఎవరూ కాదనలేదు. ఊరంతా ఒప్పుకున్నట్టు రాసేసుకున్నారు.

పక్కింటి సత్యవతి దారంతా దెప్పింది. "నీళ్లొస్తే ఆ శాలువా గుమ్మానికి అడ్డం పెట్టండి పిన్నిగారూ, ఆగుతాయి."

ఇంటికొచ్చి బియ్యం డబ్బా బల్ల మీదికి ఎక్కించాను. వానలింకా మొదలవనే లేదు.