వంత లేని క్యాసెట్టు

అత్తా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళిపోయి తొమ్మిది నెలలయింది. పూత చూసి వెళ్ళావు, కాయ చూడలేదు. ఈ ఏడు చిన్నరసాలు విరగకాశాయి. కొమ్మలకి ఊతకర్రలు పెట్టాల్సి వచ్చింది.

నువ్వుంటే ముందు అడిగేది తోట సంగతి కాదులే, నా క్యాసెట్టు సంగతి. చెబుతాను, తొందరపెట్టకు...

ధనలక్ష్మి జంటలోంచి నేను బయటికొచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. ఇన్నేళ్ళూ బుర్రకథలో తంబురా పట్టుకుని కథ చెప్పింది ఆవిడ, పక్కన గుమ్మెట వాయిస్తూ "తందానా" అని వంత పాడింది నేను. కథల్లో సగం నేను కట్టినవే. దండ మాత్రం ఆవిడ మెడలోనే పడేది. మానేశానని చెబితే నీ కొడుకు ముఖం మాడ్చుకుని నాతో మాట్లాడటం మానేశాడు. కోపం రానిది నీ ఒక్కదానికే. "వంత పాడేవాళ్ళకి కథ రాదనుకుంటారే జనం. చెప్పి చూపించు. పోయేదేముంది, గుమ్మెటేగా?" అన్నావు.

ఆ తర్వాత నాకు వంత నువ్వే అయ్యావు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి కథ చెబుతుంటే, నువ్వు చింతపండు పిక్కలు తీస్తూనో, బియ్యంలో రాళ్ళు ఏరుతూనో "ఊఁ... తర్వాత?" అనేదానివి. ఆ ఊకొట్టడం పడితేనే నాకు రెండో పంక్తి అందేది. మేనత్తవి, అత్తగారివి, పైగా వంతవి కూడానా... ఒక్క మనిషి అన్ని పనులు నెత్తినేసుకుంటే ఎలా అత్తా?

నీ పెద్దకర్మ అయ్యాక బెజవాడలో రికార్డింగు పెట్టుకున్నాను. గుమ్మెట వాయిస్తానని ఒప్పుకున్నతను ధనలక్ష్మికి జడిసి రాలేదు. తంబురా, తాళానికి చేతివేళ్ళకి తొడిగే అందెలు, నేను. అంతే. పంక్తి చెప్పాను, ఆగాను. అద్దం అవతల కూర్చున్నాయన నేను కథ మర్చిపోయాననుకుని చెయ్యి ఊపాడు. మళ్ళీ చెప్పాను, మళ్ళీ ఆగాను. నీకోసం ఆగానని ఆయనకెలా చెప్పను? ఆగకుండా చెప్పాలని చూస్తే రెండో పంక్తి అందలేదు. చివరికి ఆయన విసుగొచ్చి అలాగే పోనిచ్చేశాడు.

క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద నా ఫొటో చూస్తే నవ్వుతావు, పౌడరు ఎక్కువైంది. కథ నీదే. గాలివానకి తోటలో కాయంతా రాలిపోయిన ఏడు, నువ్వు గోనెపట్టా నెత్తిన వేసుకుని చెట్ల కింద తిరిగిన కథ. నీ పేరు మార్చాను. మార్చినా ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది.

నూజివీడు బస్టాండు దగ్గర షాపులో మొదట కొన్నవాళ్ళు కొన్నట్టే వెనక్కి తెచ్చారు. టేపు పాడైందట, మధ్యమధ్యలో ఆగుతోందట. షాపతను పెన్సిలు పెట్టి తిప్పి తిప్పి చూశాడట. ఒకావిడైతే టేపురికార్డరే చెడిపోయిందని రిపేరుకిచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వాను, తర్వాత రెండోది కూడా చేశాను.

ఆ పైన బెజవాడ పేపర్లో కళల పేజీ చూసే పెద్దాయన రాశాడు. గొంతులో జీవం ఉందట. రసాలు, బంగినపల్లి, కలెక్టరు, సువర్ణరేఖ అంటూ రాలిన కాయల పేర్లన్నీ ఒక్క గుక్కలో దొర్లించిన చోట తనకే ఊపిరాడలేదట. కానీ వంత లేని బుర్రకథ ఏం బుర్రకథ అన్నాడు. ఆ ఖాళీల్లోంచి కథంతా జారిపోయిందట. జంటలో ఉన్నప్పుడే బాగుండేదని ఆఖర్న ఒక ముక్క. నీ కొడుకు ఆ పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాడు, నా కంటపడకూడదని. ఆ డబ్బా రోజూ తీసేది ఎవరో ఆయనకి తెలియదు పాపం.

దసరాకి నన్ను పిలుద్దామనుకున్న బాపులపాడు వాళ్ళు ఆ పేపరు చూసి వెనక్కి తగ్గారు. ధనలక్ష్మి కబురు పంపింది... వచ్చెయ్యమని, గుమ్మెట ఎవరికీ ఇవ్వలేదని. మంచిగానే పంపింది, వెటకారం లేదు. అదే ఇంకా కష్టమనిపించింది. నిజం చెబుతున్నా అత్తా, వెళ్ళిపోదామనుకున్నాను. ఇక కథ చెప్పడం నావల్ల కాదు, వంత పాడుకుందాం అనుకున్నాను. "ఎవడో ముక్కు చీదాడని మనం మూతి కడుక్కుంటామా?" అనేదానివి కదా నువ్వు. ఆ మాట గుర్తొచ్చి రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అని నాన్చాను.

ఈలోగా కాపు దిగింది. నేనూ షెడ్డుకి వెళ్ళాను, కాయ ఏరి గంపలకెత్తే పనికి. నువ్వు కూర్చునే చోట, వరిగడ్డి పక్కన, ఇప్పుడు సత్యవతి కూర్చుంటోంది. నన్ను ఏడిపించడానికి సత్యవతే షావుకారు టేపురికార్డరులో నా క్యాసెట్టు పెట్టించింది. మొదటి పంక్తి అయింది. ఖాళీ వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను, తల వంచుకుని కాయల తొడిమలు చూస్తున్నాను.

సత్యవతి చేతిలో కాయ మీంచి చూపు తిప్పకుండానే ఊఁ అంది.

అది కావాలని అనలేదు అత్తా. పని చేసుకుంటూ కథ వినేవాళ్ళు ఎలా ఊకొడతారో అలా కొట్టింది. రెండో పంక్తికి ఇంకో ఇద్దరు కలిశారు. క్యాసెట్టు రెండో వైపు తిప్పేసరికి షెడ్డంతా తందానా అంటోంది, లారీకెత్తే హమాలీలతో సహా. ఒకాయన గంప బోర్లించి దాని మీద దరువేశాడు. నేను పమిట నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఎంత సంతోషమేసిందో నీకు తప్ప ఎవరికి చెప్పను?

పేపరాయన్ని నేనేమీ అనను. ఒక్కడే గదిలో కూర్చుని విని ఉంటాడు, ఊకొట్టడానికి మొహమాటపడ్డాడేమో. మళ్ళీ ఏమీ రాయలేదు, పోనీలే. క్యాసెట్టు మాత్రం షెడ్డు నుంచి షెడ్డుకి పాకి జి. కొండూరు దాకా వెళ్ళింది. షాపులో ఇప్పుడు "ఊకొట్టే క్యాసెట్టు" కావాలని అడుగుతున్నారట. బాపులపాడు వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ వచ్చారు. ధనలక్ష్మికి రాలేనని కబురు చేశాను.

మొన్న దసరాకి చెప్పాను అత్తా. పందిట్లో ఒక్కదాన్నే. మొదటి పంక్తి చెప్పి ఆగానో లేదో, పందిరంతా తందానా అంది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు అందరికంటే పైకి లేచింది. ధనలక్ష్మిది. ఇన్నేళ్ళు పక్కన నిలబడ్డాను, ఆ గొంతు నాకు తెలియదా? పిలవకుండానే వచ్చి నాకు వంత పాడింది మహాతల్లి. దండ కూడా ఆవిడ చేతే వేయించుకున్నాను.

అంతమందిలోనూ నీ గొంతు కోసం వెతుక్కున్నాను. వినపడలేదు. కాసేపు దిగులేసింది. కథలో పడ్డాక పోయింది.

పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ చూశాను, నువ్వు ఏ కథా ఊరికే కూర్చుని వినలేదు. చేతిలో ఏదో ఒక పని, నోట్లో నాకోసం ఊఁ. ఇక ఆ బాధ్యత నీకు లేదు. ఊకొట్టే పని ఊరు తీసుకుంది.

ఇప్పుడైనా చేతులు ఒళ్ళో పెట్టుకుని విను అత్తా.

నీ కోడలు,
రత్నం