ఫర్నేస్‌కు పెట్టిన విభూది

తిరుపతి,
మామిడి పూత రాలే రోజులు.

బావ ఢిల్లీబాబుకు లోకేశ్వరి నమస్కారాలు.

ఇక్కడ అత్తా, నేనూ కులాసా. అక్కడ ఓడరేవులో నువ్వూ, నువ్వెక్కి కూర్చునే ఆ క్రేనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో అయితే మధ్యలో అడ్డం వస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను, చివరిదాకా చదువు.

అత్త చెయ్యి ఎలా ఉందని అడిగావు. ఎముక అతకడానికి వేసిన పుత్తూరు కట్టు విప్పేశారు. "బాగనే ఉండాది, దిగులు పడొద్దని వాడికి రాయి" అంటూనే పచ్చడి నూరబోతే, రోలు దగ్గర్నుంచి నేనే లేపాను.

కంప్యూటర్‌లోని ఆ మాటల మిషనే అన్నీ చెప్పేస్తే నీకేం పనని ఎగతాళి చేశావు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు పారేసే టెంకల్లోని జీడి నుంచి నూనె తీసి, దాన్ని ఇంజన్లో పోసే ఆయిల్‌గా మార్చాలని కదా మా తంటా! ఆ మార్పును తొందరగా జరిపించి, తాను మాత్రం మారకుండా మిగిలే పొడి కావాలి. దాన్నే ఉత్ప్రేరకం అంటాం. ఎవరెవరు ఏయే పొడులు కాల్చి చూశారో ఆ మిషన్, అంటే భాషా నమూనా అనే ఏఐ, చదివిపెట్టుకుంది. ఇది కలిపి చూడు, అంత వేడి వద్దు అని చెబుతుంది. కాల్చేదీ, చేతులు కాల్చుకునేదీ నేనే. నా పనికి ఢోకా లేదులే.

ఈ మధ్య మధ్యాహ్నం కునుకు పడితే ఒకటే కల. టెంకలు నీళ్లలో తేలుతూ మీ రేవుకు వస్తుంటాయి. నువ్వు క్రేనుతో ఒక్కొక్కటే మెల్లగా పైకెత్తుతుంటావు. లేచాక కూడా కాసేపు ఆ అలల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

ఆయుధపూజ నాడు కాల్చిన పొడి ఒక్కటే అద్భుతంగా పనిచేసింది. గాజు కుప్పెలో నూనె తేటగా, తేనె రంగులో నిలబడితే, కిటికీ అవతలి కొండా మంచూ అందులోనే కనబడ్డాయి. తర్వాత అదే లెక్కన ఎన్నిసార్లు కాల్చినా ఆ గుణం రాలేదు. మా రీసెర్చ్ గైడు పరంధామయ్య సారు, "ఒకసారి వచ్చింది కదమ్మా, థీసిస్‌లో అది రాసి ముగించు" అన్నారు. నాకు మనసొప్పలేదు.

మిషన్‌నే అడిగాను. "మీరు రాసిన వివరాల్లో లేనిదేదో ఆ పొడిలో కలిసి ఉండవచ్చు. ఇది నా ఊహ మాత్రమే. ఆ రోజు ల్యాబ్‌లో మామూలుగా జరగనిది ఏమైనా జరిగిందా?" అంది.

కళ్లు మూసుకున్నాను. కర్పూరం వాసన. పొడులు కాల్చే ఫర్నేస్‌కు బంతిపూల దండ. సెలవుకొచ్చిన నువ్వు నన్ను ఇంటికి తీసుకుపోదామని వచ్చి, జేబులోంచి విభూది పొట్లం తీసి ఫర్నేస్ తలుపుకు మూడు గీతలు పెట్టావు. వేళ్లకు మిగిలింది లోపల పొడి ఉన్న పింగాణీ గిన్నెలో రాల్చావు.

"దీనికీ రోంత పెడదాం లే మే, ఇది మాత్రం ఏం పాపం చేసినాది?" అన్నావు. నేను నవ్వానే తప్ప గిన్నె మార్చలేదు.

"మా ఆయన వచ్చాడు" అని టైపు చేశాను.

సారుకు అంతా చెప్పాను. ఆయన నవ్వి, "అయితే ఆ విభూదిలో ఏముందో తేల్చాలి. ఇంకో ఏడాది పడుతుంది, ఉంటావా?" అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. ఉగాదికి నీ దగ్గరికి వచ్చేస్తానని, ఇల్లు చూడమని నేనే రాశాను. సముద్రం కనబడే ఇల్లు దొరికిందని, కిటికీలకు ఏ రంగు వేయించమంటావని అడిగావు. బావా, సారు అడగ్గానే, నువ్వింకా గుర్తుకు రాకముందే, ఉంటానన్నాను. ఎంతో సంతోషంగా అన్నాను. బయటికొచ్చాక వేపచెట్టు కింద నిలబడి ఏడ్చాను. రెండూ నిజమే.

కోపం వస్తే తిట్టు, పడతాను. కిటికీలకు మాత్రం నీలం రంగు వేయించు.

ఆ పొట్లం ఎక్కడిదో కూడా రాయి. అందులో ఏమైనా మిగిలి ఉంటే పోస్టులో పంపొద్దు. నువ్వే తీసుకురా.

ఇట్లు,
నీ మరదలు
లోకేశ్వరి