హిరుజెన్ మైదానంలో ఖాళీగా మిగిలిన చోటు

ఒకాయామా జిల్లా త్సుయామా పట్టణంలో బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం నడిపిన కీర్తిశేషులు ఉజిహారా మసుజో గారి భార్య ఇసోకో అనే నేను, వయస్సు డెబ్బై ఆరు, ఊపిరితిత్తులు చెడినా బుద్ధి చెడలేదని డాక్టరు చేత కూడా అనిపించుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. "సొంత గొడవలు ఇందులో అక్కర్లేదమ్మా" అన్నారు నోటరీ గారు. పోయేది నేను కనుక రాయమన్నాను.

1. ఇల్లు, కింది దుకాణం, బ్యాంకులో మిగిలిన సొమ్ము నా ఏకైక కుమార్తె చిగుసాకు సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. ఆవిరి ఇస్త్రీ యంత్రాన్ని మాత్రం అమ్మెయ్యి తల్లీ. దాని మీద వంగి వంగే మీ నాన్న నడుము పోయింది.

2. టెలిస్కోపు, కెమెరా, సెకన్లు చూపే పెట్టె కూడా చిగుసాకే. వద్దంటావని తెలుసు. నీకు జ్వరం వచ్చిన రోజున కూడా నేను ఉత్తరానికి, మీ నాన్న దక్షిణానికి బండ్లేసుకుని పోతుంటే, పక్కింటి వాకిట్లో నిలబడి "మీ నక్షత్రం ఆరిపోతే నా జ్వరం తగ్గుద్దా?" అని అరిచావు. నీ కోపం న్యాయమే. కానీ మా పని అలాంటిది. ఎక్కడో నెప్ట్యూన్ అవతల తిరిగే మరుగుజ్జు గ్రహం ఒక నక్షత్రానికి అడ్డం వస్తుంది. దాని నీడ మన ఊళ్ళ మీదుగా పోతుంది. నీడలో నిలబడ్డవాళ్ళకు నక్షత్రం కాసేపు ఆరి మళ్ళీ వెలుగుతుంది. ఒక్కో చోట ఎంతసేపు ఆరిందో చూస్తే ఒక్కో గీత దొరుకుతుంది, ఆ గీతలన్నీ పేరిస్తే గ్రహం ఆకారం తెలుస్తుంది. ఇద్దరు ఒకేచోట ఉంటే ఒకే గీత. అందుకే పెళ్ళయిన నాటి నుంచి మా మంచి సాయంత్రాలన్నీ మేము ఎడంగానే గడిపాం.

3. నా అస్థికలను మసుజో గారి అస్థికల పక్కనే, మధ్యలో ఏమీ లేకుండా పెట్టాలి. ఇక మేము కొలవాల్సింది ఏమీ లేదు.

4. తొమ్మిదేళ్ళ కిందటి ఫిబ్రవరిలో అలాంటి మరుగుజ్జు గ్రహం ఒకటి నక్షత్రానికి అడ్డం వచ్చిన నాటి సంగతి. మా బృందం పెద్ద, పళ్ళ డాక్టరు కురహాషి గారు, ఎవరెక్కడ నిలబడాలో పంచారు. నాకు హిరుజెన్‌లోని పాత బడి మైదానం. నాకు దక్షిణాన యుబారాలో హమురో గారు, పిల్లలకు సంగీతం చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు ఇంకా దక్షిణాన కత్సుయామాలో కురహాషి గారు. నేను వెళ్ళలేదు. మసుజో గారు ఇక్కడి ఆసుపత్రిలో ఉన్నారు, కాలేయం పూర్తిగా పాడైంది. నర్సమ్మ చీకటి పడగానే ఆయన్ని చక్రాల కుర్చీలో కిందికి దించింది. ఒకే దుప్పటి కప్పుకుని, కార్లు నిలిపే చోట నుంచి చూశాం. మా ఊరు కత్సుయామాకు తిన్నగా తూర్పున ఉంది కనుక కత్సుయామా గీతా మా గీతా ఒకటే అని ఆయనకు తెలుసు. "ఇద్దరం ఒక్కచోటేనటే, దండగ కదే" అన్నారు. "దండగైతే కానివ్వండి" అన్నాను. నక్షత్రం ఆరింది, వెలిగింది. ఆయన నా చెయ్యి వదల్లేదు. ఆ నెల దాటకుండానే పోయారు.

ఆ సాయంత్రం హమురో గారికి నక్షత్రం రెండుసార్లు ఆరింది. గ్రహం అడ్డం రాకముందే, రెండు సెకన్లయినా నిండకుండా ఒకసారి. అంటే ఆ గ్రహానికి ఒక చందమామ ఉండి ఉండాలి. అదే నిజమైతే ఆ చందమామ నీడ ఉత్తరాన నా మైదానం మీదుగా పోయుండాలి, అక్కడేమో ఎవరూ లేరు. దక్షిణాన కత్సుయామాలో అలాంటిదేమీ కనబడలేదు. "మబ్బు తునక అడ్డొచ్చుంటుంది మాస్టారూ, మనసు పడి చూస్తే లేనివీ కనపడతాయి" అన్నారు కురహాషి గారు అందరి ముందూ. నివేదికలో కూడా మబ్బు అనే రాశారు. హమురో గారు ఆనాటి నుంచి బృందంలోకి రాలేదు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. "బావగారి పక్కన ఉండాల్సిన రోజక్కా అది" అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఇది క్షమాపణ కాదు. మళ్ళీ అదే సాయంత్రం వస్తే మళ్ళీ ఆ దుప్పటి కిందే కూర్చుంటాను. కానీ హమురో గారి మాట ఒంటరిగా మిగిలిపోయిందని ఏడుపొస్తుంది.

5. వచ్చే ఏడాది నవంబరులో అదే గ్రహం ఇంకో నక్షత్రానికి అడ్డం వస్తుంది. నేను ఉండను. చిగుసా, నువ్వు హమురో గారికి ఎడంగా, ఆయన చెప్పిన చోట ఒక్క సాయంత్రం నిలబడు. ఆరితే ఆరిందని, ఆరకపోతే ఆరలేదని రాయి. ఆయన మొహం చూసి అబద్ధం రాయకు. ఆయనకు కావలసింది జాలి కాదు, పక్కన ఇంకొక మనిషి.

6. సాక్షి సంతకం చేసేవారికి ఆస్తి ఏమీ రాయకూడదని చట్టం. కనుక హమురో గారికి ఏమీ రాయడం లేదు. కురహాషి గారికీ రాయలేదు, అయితే అది ఒక్క చట్టం వల్లే కాదు. మసుజో గారి నీలం ఉన్ని కోటు ఎవరికీ రాయలేదు. చిగుసా దాన్ని ఇస్త్రీ చేసి నవంబరులో కారులో పెట్టుకెళ్తే, యుబారాలో చలికి వణికే వాళ్ళెవరైనా తొడుక్కుంటే నాకు సంబంధం లేదు.

7. సాక్షులుగా వాళ్ళిద్దరినీ ఈ రోజు నా మంచం దగ్గరికి రప్పించాను. ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. "ఒక్క సాక్షి చాలడా?" అని తెలిసే అడిగాను. "చాలడమ్మా, ఒక్కరి మాట చెల్లదు, ఇద్దరుండాలి" అన్నారు నోటరీ గారు. హమురో గారు తల వంచుకున్నారు. కురహాషి గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. పైన రాసినదంతా గట్టిగా చదివించి, విని, ఒప్పుకుని ముద్ర వేస్తున్నాను.

త్సుయామా, 2024 అక్టోబరు 9

ఉజిహారా ఇసోకో (ముద్ర)

మొదటి సాక్షి: హమురో తెత్సుయా. నా ఎదుట చదివారు, విన్నాను.

రెండవ సాక్షి: కురహాషి యోషినారి. నా ఎదుట చదివారు, విన్నాను. ఆ సాయంత్రం యుబారా వైపు నేను మబ్బేమీ చూడలేదు.