నీ చెల్లె ఆపరేషన్ అమావాస్య నాడు

బిడ్డా శ్రీనూ,

ఎట్లున్నావని అడగలేను కదా... నువ్వు పోయి ఏడాది దాటింది.

దవాఖానలో కూర్చుని రాస్తున్నాను. నీ చెల్లె మౌనికను పొద్దున లోపలికి తీసుకుపోయారు. దానికీ నీ జబ్బే.

నువ్వు పోయాక డాక్టరమ్మ, తోడబుట్టినదానికి కూడా ఒకసారి పరీక్ష చేయించండి అన్నది. గుండెలో నుంచి రక్తం బయటికి పోయే వాల్వుకు మూడు రెక్కలుండాలట. నీకు రెండే ఉండె. మౌనికకూ రెండే. అవి గట్టిపడి సరిగా తెరుచుకోవడం లేదట. కొత్వాల్‌గూడలో బస్సు దిగి ఇంటికి నడిచే లోపల రెండుచోట్ల కూర్చునేది పిల్ల. ఒక్క కడుపున పుట్టినందుకు ఇది కూడా పంచుకోవాలా?

నీకు చెప్పినవే దానికీ చెప్పారు. మెటల్ వాల్వు పెడితే అరగదు, కానీ రక్తం గడ్డకట్టకుండా బతికినంత కాలం గోళీ మింగాలి. ఆవు గుండె మీది పొరతో చేసినదైతే జీవితమంతా ఆ గోళీ అక్కరలేదు, కానీ కొన్నేళ్లకు పాడైతుంది, మళ్లీ మార్చాలి. రొమ్ము కోయకుండా తొడ నరంలో నుంచి పెట్టేది కూడా ఉందట. అది ఎక్కువగా పెద్ద వయసువాళ్లకట.

నువ్వు మెటల్‌దే అన్నావు. "ఒక్కసారి కోస్తే ఒడిసిపోవాలె అమ్మా. అది టిక్కుటిక్కుమంటదంట, ఇగ డ్యూటీకి లేటే కాను" అని నవ్వావు.

మౌనికకు ఇంకా పిల్లలు కావాలి. కడుపుతో ఉంటే ఆ గోళీ లోపలి బిడ్డకు మంచిది కాదట. అందుకే ఆవుదే పెట్టించుకుంటానన్నది. దాని అత్త అపచారం అని ఒకపూట అన్నం మానేసింది. నువ్వుంటే ఊరుకునేవాడివా? "పాలు తాగంగ లేని పాపం గిప్పుడొచ్చిందా అత్తమ్మా" అని ఆమెను కూడా నవ్వించేవాడివి...

నీ ఆపరేషన్‌కు ఖాయమైన తారీఖు మూఢంలో పడింది. మూఢంలో పెళ్లిళ్లే చేయం, గుండె కోయిస్తామా అన్నాడు మీ మేనమామ. "సరే తియ్యి, ఇన్నొద్దులు ఆగలేదా" అని నువ్వూ తలూపావు. ఆ మూఢం పోకముందే, డ్యూటీ బస్సు కోసం శంషాబాద్ స్టాండులో నిలబడ్డవాడివి నిలబడ్డట్టే కూలిపోయావు.

మూఢం పోయిన నాడు రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లన్నీ బ్యాండ్లతో మోగాయి. మంచిరోజు వచ్చింది. నువ్వు లేవు... అది ఎవరికి మంచిరోజు బిడ్డా?

ఈరోజు అమావాస్య. మీ మామ, మౌనిక అత్తగారు, అందరూ ఒక వారం ఆగమన్నారు. డాక్టరమ్మ ఆగొద్దన్నది. నిన్న చేర్పించే వేళకు మీ బావ వాళ్లమ్మ దిక్కు చూశాడు. మౌనిక నా ముఖం చూసింది. నేను నలుగురిలో గొంతు లేపినదాన్ని కాదు, నీకు తెలుసు. పద బిడ్డా అని బట్టల సంచి నేనే ఎత్తుకున్నాను. మీ బాపు ముందుపోయి ఆటో ఆపాడు.

ఇంకా చాలాసేపు పడుతుందట. లోపల ఏమవుతున్నదో... అడిగితే ఎవరూ చెప్పడం లేదు.

నీకు ఒక మాట ఇస్తున్నాను శ్రీనూ. మంచి జరిగినా, చెడు జరిగినా, ఈ అమావాస్యను నేను తిట్టను. ఎవరినీ తిట్టనివ్వను.

తలుపు దగ్గర నిలబడతాను ఇక.

మీ ఇద్దరి అమ్మ