అత్తగారి చేతికర్ర, నా కందనకాయ

సోమవారం, ఉదయం

కంటి శస్త్రచికిత్స చేయించుకొని అత్తగారు నిన్న మసాకా ఊళ్లోని మా ఇంట దిగారు. కళ్లకు కట్టు ఉంది. కట్టు విప్పేవరకు ఇక్కడే విశ్రాంతి. నేటి నుంచి ఇంట్లో గొంతు పెంచను. ఇది నిశ్చయం!

కారణం నమోదు చేయవలసి ఉంది. పెళ్లి మాటలనాడు ఆమె, "ఈ అల్లుడి కంటే ముందు అతని గొంతు ఇల్లు చేరుతుంది" అన్నారు. కాఫీ మిల్లు యంత్రాల నడుమ పెరిగిన గొంతు అది. నేడు నేను రాత్రి కళాశాలలో చదివిన పట్టభద్రుణ్ని. పట్టా గోడకు వేలాడుతోంది. ఆ మాటను ఆమే వెనక్కి తీసుకోవాలి.

సోమవారం, సాయంత్రం

ఘన విజయం! మిల్లు సంగతులన్నీ గుసగుసగా చెప్పాను. నా భార్య ఎస్తేరి, "జ్వరమా ఏమిటి?" అని నుదురు తాకి చూసింది.

మంగళవారం

అత్తా అల్లుళ్లు ఎదురుపడరాదన్నది మా ఆచారం. పడితే చేతులు వణికే జబ్బు వస్తుందట. చదువుకున్నవాణ్ని, నమ్మను. అయినా వస్తున్నానన్న గుర్తుగా గడప మీద ఆమె కర్ర మూడుసార్లు మోగగానే పెరటి దారి పడతాను.

పరామర్శకు వచ్చినవారు కోడిని తెచ్చారు. ఆచారం ప్రకారం కందనకాయ ఇంటి యజమానిది, ఆడవాళ్లు ముట్టరు. నోటిదాకా వచ్చింది. టక్, టక్, టక్! పరుగు! అరటిచెట్ల మధ్య చాలాసేపు నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి కందనకాయ లేదు.

గొంతు పెంచలేదు.

బుధవారం

మళ్లీ కోడి. మళ్లీ టక్, టక్, టక్! పెరటి తలుపు గడియ రాలేదు. కిటికీ గుండా దిగి, ఆరబోసిన కాఫీ గింజల మీద జారాను. పక్కింటాయన గోడ మీదుగా తొంగిచూసి, "ఏంటి బావా, సొంతింట్లోనే దొంగతనమా?" అన్నాడు.

కొంచెం అరిచాను. పెరడు ఇంటి కిందికి రాదు కనుక ఇది ఉల్లంఘన కాదు.

కందనకాయ లేదు.

గురువారం

దొంగ దొరికింది! మా ఏడేళ్ల కూతురు నాలులె. చేతిలో చెక్క గరిటె, గడప మీద దాని దెబ్బలు, పెదవుల మీద నూనె.

"నువ్వేనా?" అన్నాను గుసగుసగా.

"నాన్నా, నువ్వు భలే పరిగెడతావు!"

"నా కందనకాయ ఎందుకు తిన్నావు?"

"దాని రుచి ఎలా ఉంటుందో ఆడవాళ్లకి ఎవరూ చెప్పరుగా."

జవాబు కోసం పట్టా వైపు చూశాను. అందులోనూ లేదు.

శుక్రవారం

భోజనం. టక్, టక్, టక్! ఈసారి కదలలేదు.

"దొంగపిల్లా! మళ్లీ వచ్చావా? ఇవాళ మీ అమ్మమ్మే దిగివచ్చినా ఈ కుర్చీ వదలను!"

అది మిల్లు గొంతు. పళ్లాలు మోగాయి.

"నాన్నా, నేనిక్కడున్నా" అంది నాలులె, బల్ల కింద నుంచి.

గుమ్మంలో అత్తగారు! నేనూ బల్ల కింద దూరాను. చేతులు వణికాయి. అది జబ్బు కాదు, కంగారు.

అత్తగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. "ఎస్తేరీ, మీ ఆయన బతికే ఉన్నాడన్నమాట! వచ్చినప్పటినుంచీ కర్ర తట్టడం, చెవులు రిక్కించడం. లేచి వెళ్లాడో, అక్కడే ఉన్నాడో తెలియక మళ్లీ గదిలోకే. కాస్త ఎండ పొడ కూడా తగల్లేదే నాకు!"

"నువ్వే కదమ్మా ఆయన గొంతును ఆడిపోసుకున్నావు?"

"ఆడిపోసుకోవడమా? మెచ్చుకున్నానే పిచ్చిదానా! అల్లుడి గొంతు ముందొస్తేనేగా అత్త తప్పుకునేది. అరవమను తల్లీ, పుణ్యముంటుంది."

ఇన్నేళ్లూ ఆ మాటను అపార్థం చేసుకొన్నానన్నమాట. 

శనివారం

నిర్ణయం సవరించడమైనది. అత్తగారు ఉన్నంతకాలం ఎలుగెత్తి మాట్లాడతాను. కందనకాయ ఇకపై రెండు ముక్కలు. ఒకటి నాకు, ఒకటి నాలులెకు.

మధ్యాహ్నం టక్, టక్, టక్! నాలులె నా పక్కనే తింటోంది. కనుక ఇది అసలు కర్రే. "వస్తున్నానండోయ్, పెరట్లోకి!" అని అరుస్తూ వెళ్లాను. పెరట్లో అత్తగారు ఎండ కాగుతున్నారు. నా కేకకు నవ్వుతూ ముసుగు లాక్కొన్నారు.

వెనక్కి పరుగెత్తాను. ఎస్తేరి చేతిలో గరిటె. పెదవుల మీద నూనె.

గొంతు పెంచనన్న నిర్ణయం అత్తగారు బయలుదేరిన మర్నాటి నుంచి తిరిగి ప్రారంభం. ఇది నిశ్చయం!