సీతాఫలం చెట్ల వెనక దారి

ఇందుమూలముగా సకల జనులకు తెలియజేయునది ఏమనగా, బార్కస్ అవతలి గుట్ట మీది దర్గాకు రెండు దారులు గలవు. మెట్ల దారి తెలివైనవాళ్లది. వెనక సీతాఫలం చెట్లలోంచి పోయే ముళ్ల దారి నీది, యాదగిరీ.

నువ్వు పోయి నిన్నటికి ఏడాదైంది. ఇవాళ జట్కాలోంచి సవారీని దింపుతుంటే గుట్ట కింద మీ ఆవిడ కనిపించింది. చెప్పులు విప్పి ఆ వెనక దారి ముందర నిలబడింది.

"మెట్లుండంగ గిటు దిక్కెందుకు వదినా?" అన్నాను.

"నీకు తెల్వదా అన్నా? నలభై గురువారాలు గీ తొవ్వల నోరిప్పకుండ ఎక్కితే మా పిల్ల నడుస్తదని ఫకీరు నీతోనే చెప్పె కదా. ఆయన ఇరవై ఆరు ఎక్కినంక పానం ఇడిసిండు. ఏటి సూతకం తీరింది, మిగిలినయి నేనెక్కుతా. ఇగ నన్ను మాట్లాడియ్యకు."

పెదవులు బిగించి ముళ్లలోకి నడిచింది. బస్తీ అంతటినీ ఆటపట్టించే నోరు నాది. ఆగమని ఒక్క మాట అంటే సరిపోయేది. గుర్రానికి గడ్డి వేస్తూ నిలబడ్డాను.

ఆమెకు చెప్పలేనిది నీకు చెప్తున్నా. ఫకీరు లేడు, యాదగిరీ. నువ్వు గీరుకుపోయిన కాళ్లతో పైకొస్తుంటే మెట్ల మీద కూర్చుని నవ్వుకుందామని ఆ ఫకీరును నేనే పుట్టించాను.