ఊడవని హాలు

శ్రీవల్లీ,

కుక్కర్‌లో అన్నం ఉంది. పెసరకట్టు స్టవ్ మీద పెట్టాను, వేడి చేసుకుని తిను. నిన్న నీకు ఆసుపత్రికి పంపిన అన్నం డబ్బా మూత కూడా తీయకుండా తిరిగొచ్చింది. తిన్నాక ఫోను పక్కన పడేసి కాసేపు పడుకో. ఆసుపత్రిలో మహతి దగ్గర మా అబ్బాయికి తోడుగా నేను కూర్చుంటాను. పక్క ఫ్లాట్ ఆంటీ మన ఇంటి దగ్గరి యూ టీ స్టేషన్‌లో నన్ను ట్రైన్ ఎక్కిస్తానంది, కంగారుపడకు.

హాలు చూసి మళ్ళీ కోపం వస్తుందని తెలుసు. "రోజంతా ఇంట్లోనే ఉంటారు, ఒక్కసారి చీపురు పట్టొచ్చుగా అత్తయ్యా" అన్నావు మొన్న. నడుం నొప్పని అబద్ధం చెప్పాను. మనిషి గడప దాటాక, క్షేమంగా చేరినట్టు కబురొచ్చేదాకా ఇల్లు ఊడవకూడదు. మహతి ఆ రోజు ఆయాసపడుతూ టాక్సీ ఎక్కింది. అది ఇంకా ఎక్కడికీ చేరలేదమ్మా.

డాక్టర్లు చెప్పేది నాకు అర్థం కాదు. సూది గుచ్చేటప్పుడు దాని చెయ్యి పట్టుకోబోతే నర్సు పక్కకి జరగమంటుంది. నిన్న అదే నన్ను చూసి, ఇక్కడి పిల్లల యాసలో "డోంట్ క్రై లా, నానమ్మా" అంది. దానికోసం నేను చేయగలిగింది ఈ చీపురు ముట్టకపోవడం ఒక్కటే.

దాన్ని ఇంటికి పంపిస్తామన్న రోజు నాకు ఒక్క ఫోన్ చెయ్యి. మీరు టాక్సీ దిగేలోపు అద్దంలా తుడిచిపెడతాను.

అత్తయ్య

ఇది చూసేలోపే నువ్వు ఊడ్చేసి ఉంటే ఏమీ కాదులే. నాకు మాత్రం చెప్పకు.